కథలో మన పేరుంటే...

ఉదయం మొదటి పీరియడు. మాస్టారు హాజరుపట్టీ తెరిచి పేర్లు చదువుతున్నారు. మీరేమో కిటికీలోంచి వేపచెట్టు మీది ఉడుతను చూస్తున్నారు. ముప్ఫై పేర్లు మీ చెవి పక్కనుంచి గాలిలా వెళ్ళిపోయాయి. అందులో ఒక్కటి చెప్పమన్నా చెప్పలేరు. ముప్ఫై ఒకటో పేరు మీది. అది వినబడగానే ఉలిక్కిపడి "ప్రెజెంట్ సార్!" అన్నారు.

అవునా? ప్రతి తరగతిలోనూ రోజూ జరిగేదే ఇది. కాని ఇందులో ఒక చిక్కు ప్రశ్న ఉంది. ముప్ఫై పేర్లు పట్టించుకోని చెవి ముప్ఫై ఒకటో పేరును ఎలా పట్టుకుంది? ఏదీ వినడం లేదనుకున్నప్పుడు అది మీ పేరేనని ఎలా తెలిసింది?

ఈ చిన్న ప్రశ్నను పట్టుకుని కొంచెం దూరం నడుద్దాం. ఇది మనల్ని మెదడు దగ్గరికి, అక్కడినుంచి జ్ఞాపకశక్తి దగ్గరికి, చివరకు మీ ఇంట్లో రెండో తరగతి చదివే తమ్ముడి పలక దగ్గరికి తీసుకుపోతుంది. ఆ తమ్ముడి కోసం మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. దానికి కావలసినవి ఒక తెల్ల కాగితం, సూది, దారం, ఒక సాయంత్రం.

రెండు చెవులు - రెండు మాటలు

1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒక తమాషా ప్రయోగం చేశాడు. ఒక మనిషి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, కుడిచెవిలో ఒక ప్రసంగాన్ని, ఎడమచెవిలో మరొక ప్రసంగాన్ని ఒకేసారి వినిపించాడు. "ఒక చెవిలో వినపడేదాన్ని మాత్రం వెంటవెంటనే పైకి అనండి" అన్నాడు. పని ముగిశాక, "రెండో చెవిలో ఏం వినబడింది?" అని అడిగాడు. మాట్లాడింది మగవాళ్ళా, ఆడవాళ్ళా అన్నది చెప్పగలిగారు. ఏం మాట్లాడారో మాత్రం చెప్పలేకపోయారు. మధ్యలో భాష మారిపోయినా గమనించలేదు!

అయితే పట్టించుకోని చెవిలోకి వచ్చినదంతా వృథాయేనా? 1959లో నెవిల్ మోరే అనే మరొక శాస్త్రజ్ఞుడు అదే ప్రయోగంలో ఒక మార్పు చేశాడు. పట్టించుకోని చెవిలో చెప్పే మాటకు ముందు, వింటున్న వ్యక్తి పేరును చేర్చాడు. అంతే! సుమారు మూడింట ఒక వంతు సందర్భాలలో ఆ పేరు వాళ్ళ దృష్టిలో పడింది. మరే మాటకూ తెరుచుకోని తలుపు సొంత పేరుకు తెరుచుకుంది. అందరికీ, అన్నిసార్లూ తెరుచుకోలేదు. ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

పేరు మీద ఈ మమకారం ఎప్పుడు మొదలవుతుంది? బడిలో చేరాకా? కానే కాదు. 1995లో డెనీస్ మాండెల్, పీటర్ జసిక్, డేవిడ్ పిసోనీ అనే అమెరికన్ పరిశోధకులు నాలుగున్నర నెలల పసిపాపలను పరీక్షించారు. అంత చిన్న పాపలు "ఇది నా పేరు" అని చెప్పలేరు కదా! అందుకని ఒక ఉపాయం పన్నారు. పాప తల తిప్పి స్పీకరు వైపు చూస్తున్నంతసేపూ ఒక పేరు వినిపిస్తారు. పాప చూపు మరల్చగానే ఆపేస్తారు. ఎంతసేపు విన్నదో లెక్కగడతారు. పాపలు ఇతరుల పేర్లకంటే తమ పేరునే ఎక్కువసేపు విన్నారు. బోర్లాపడటమూ, పాకడమూ సరిగా రాని వయసులోనే మన పేరు మన చెవిలో చోటు చేసుకుంటుందన్నమాట.

జ్ఞాపకానికి ఒక కొక్కెం

చెవి సంగతి సరే. జ్ఞాపకం మాటేమిటి?

1977లో రోజర్స్, కైపర్, కర్కర్ అనే ముగ్గురు మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులకు గుణాలను తెలిపే మాటలు కొన్ని చూపించారు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క రకం ప్రశ్న వేశారు. కొన్నిటికి "ఇది పెద్ద అక్షరాలలో ఉందా?" అని. కొన్నిటికి "ఇది ఫలానా మాటతో ప్రాస కలుస్తుందా?" అని. కొన్నిటికి "ఫలానా మాటకు ఇదే అర్థమా?" అని. మిగిలినవాటికి "ఈ మాట నీకు వర్తిస్తుందా?" అని. తరువాత, ముందు చెప్పకుండా, గుర్తున్న మాటలన్నీ రాయమన్నారు. ఎక్కువగా గుర్తున్నవి ఏవో ఊహించండి. "నీకు వర్తిస్తుందా?" అని అడిగిన మాటలే.

ఇది మీ తరగతిలోనే చేసి చూడవచ్చు. ధైర్యం, సిగ్గు, ఓర్పు, బద్ధకం వంటి ఇరవై మాటలు చీటీల మీద రాయండి. చీటీలు కలిపి, లాటరీ తీసినట్లు తీసి, పదింటిని ఒక కట్టగా, పదింటిని మరో కట్టగా చేయండి. మొదటి కట్టలోని ప్రతి మాటకూ "ఇందులో మూడు అక్షరాలున్నాయా?" అని మీ స్నేహితుణ్ణి అడగండి. రెండో కట్టలో ప్రతి మాటకూ "ఇది నీలో ఉందా?" అని అడగండి. అయిదు నిమిషాలు క్రికెట్టు గురించి మాట్లాడి, ఆ తరువాత గుర్తున్న మాటలు రాయమనండి. పదిమందితో చేసి సగటు తీయండి.

ఎందుకిలా జరుగుతుంది? మన గురించి మనకు తెలిసినంతగా మరి దేని గురించీ తెలియదు. కొత్త మాట వచ్చినప్పుడు దాన్ని తగిలించడానికి అక్కడ కావలసినన్ని కొక్కేలుంటాయి. గోడ నిండా కొక్కేలున్న ఇంట్లో చొక్కా కిందపడదు కదా! నేను బి.ఇడి. చదివే రోజుల్లో మాకు ఒక బోధనాసూత్రం నేర్పారు: "తెలిసినదాని నుంచి తెలియనిదానికి." పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కాని పసివాడికి అందరికంటే ముందు తెలిసినది తన పేరేనని అప్పుడు నాకు తట్టలేదు.

చదవడం పుట్టుకతో రాదు

మాట్లాడటం ఎవరూ పాఠంగా చెప్పకుండానే వస్తుంది. చదవడం అలా రాదు. మనుషులు రాత కనిపెట్టి సుమారు అయిదు వేల ఏళ్ళు అయింది. మెదడులో చదువు కోసం ప్రత్యేకంగా ఒక భాగం రూపొందడానికి ఆ కాలం ఏ మూలకూ చాలదు. కాబట్టి ప్రతి పిల్లవాడి మెదడూ, వస్తువులనూ ముఖాలనూ గుర్తుపట్టే ప్రాంతంలోనే కొంత చోటును అక్షరాలకు కేటాయించుకోవాలి. ఈ చోటు మెదడు ఎడమవైపు వెనుకభాగంలో, అడుగున ఉంటుంది. స్టానిస్లాస్ దెహేన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ 2010లో ప్రకటించిన పరిశోధనలో బ్రెజిల్, పోర్చుగల్ దేశాల పెద్దవాళ్ళ మెదళ్ళను పరిశీలించారు. వారిలో చదువు రానివారూ ఉన్నారు, పెద్దయ్యాక నేర్చుకున్నవారూ ఉన్నారు. చదివే నేర్పు ఎంత ఎక్కువుంటే, రాత కనబడినప్పుడు ఆ చోటు అంత చురుకుగా పనిచేసింది. పెద్దయ్యాక చదువుకున్నవారిలో కూడా! అంటే వయసు మీరిందని చదువు తలుపు మూసుకుపోదు.

మొదట్లో చదవడం ఎంత కష్టమో మనం మరచిపోయాం. గుర్తు చేసుకోవాలంటే ఈ పత్రికను తలకిందులుగా పట్టుకుని తరువాతి పేరా చదవండి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి వాక్యం మొదలు గుర్తుండదు. అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగలిగినది చాలా కొంచెమే. అక్షరాలు గుర్తుపట్టడానికే అదంతా ఖర్చయిపోతే అర్థానికి ఏమీ మిగలదు. రెండో తరగతి పిల్లవాడి రోజువారీ కష్టం ఇదే.

పైగా మన లిపిలో నేర్చుకోవలసిన రూపాలు చాలా ఉన్నాయి. హల్లులు సుమారు 35 అనుకోండి. గుణింతంలో ఒక్కొక్కదానికి కనీసం డజను రూపాలు. 35 × 12 = 420. ఇక వత్తులు కలిస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. మన లిపికి తోబుట్టువువంటిది కన్నడ లిపి. కన్నడ పిల్లలు అక్షరాలు నేర్చుకునే తీరును సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2007లో ప్రకటించారు. ఇంగ్లీషు అక్షరాలకంటే వీటికి ఎక్కువ కాలం పడుతుందనీ, ఈ నేర్పు నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందనీ తేలింది. కాబట్టి మూడో తరగతిలో వత్తుల దగ్గర తడబడే పిల్లవాడు మొద్దబ్బాయి కాడు. పెద్ద కొండ ఎక్కుతూ సగం దారిలో ఉన్నాడు, అంతే.

నేను చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం మా బడిలో ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. భౌతికశాస్త్రం పాఠం ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించడం నాకు అలవాటు. వాడి వంతు వచ్చేసరికి "పుస్తకం తేలేదు సార్" అనేవాడు. పక్కవాడి పుస్తకం ఇస్తే నోరు విప్పడు. మొండితనమనుకుని రెండుసార్లు బెంచీ ఎక్కించాను. వాడి నోటుపుస్తకం చూస్తే మాత్రం ముత్యాలకోవ! బోర్డు మీద ఉన్నది ఒక్క వత్తు కూడా పోకుండా దించేవాడు.

ఒకరోజు వాడి నోటుపుస్తకమే వాడికిచ్చి, "నువ్వు రాసినదే కదరా, చదువు" అన్నాను. తల దించుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. వాడు రాయడం లేదు, బొమ్మ గీస్తున్నాడు. అక్షరం వాడికి గీతల ముగ్గే. ఏడేళ్ళుగా తరగతి తరవాత తరగతి దాటుతూ, ఎవరికీ దొరకకుండా దాక్కుంటూ వచ్చాడు. దాక్కోవడానికి ఎంత తెలివి ఖర్చుపెట్టాడో ఆలోచించండి. బెంచీ ఎక్కవలసింది వాడు కాదు, నేను.

మన రాష్ట్రాలలోనే కాదు, దేశమంతటా ఇలాంటి పిల్లలున్నారు. మీ తరగతిలో కూడా ఉండవచ్చు. ఎప్పుడూ పుస్తకం తేనివాడు, చదివే వేళకు మంచినీళ్ళకు వెళ్ళేవాడు మీకు తెలిసే ఉంటాడు.

చదువు కూడా చక్రవడ్డే

మీరు లెక్కల్లో చక్రవడ్డి నేర్చుకున్నారు. వడ్డి అసలులో కలిసి, దానిమీద మళ్ళీ వడ్డీ పుడుతుంది. చదవడమూ అంతే. బాగా చదవగలిగినవాడు ఎక్కువ చదువుతాడు. ఎక్కువ చదివితే ఎక్కువ మాటలు వస్తాయి. మాటలు వస్తే చదవడం ఇంకా తేలికవుతుంది. చదవలేనివాడు పుస్తకం ముట్టడు. ముట్టకపోతే మాటలు రావు. ఏటేటా ఇద్దరి మధ్య దూరం పెరుగుతూ పోతుంది. కీత్ స్టానొవిచ్ అనే శాస్త్రజ్ఞుడు 1986లో ఈ సంగతి వివరంగా రాశాడు.

ఈ చక్రం ఎటు తిరుగుతుందన్నది చాలావరకు "నాకు వస్తుంది" అన్న నమ్మకం మీద ఆధారపడుతుంది. ఈ నమ్మకాన్ని గురించి ఆల్బర్ట్ బందూరా అనే మనోవిజ్ఞాని 1977లో రాశాడు. అది ఎక్కడినుంచి వస్తుంది? పక్కవాడు చేయడం చూస్తే కొంత వస్తుంది. పెద్దలు "నువ్వు చేయగలవు" అంటే కొంత వస్తుంది. కాని అన్నిటికంటే గట్టిగా నాటుకునేది తాను స్వయంగా చేసి గెలిచినప్పుడే. చిన్నదైనా సరే, నిజమైన గెలుపు కావాలి.

అయితే ఇంకా చదవడం రాని పిల్లవాడికి చదవడంలో గెలుపు ఎలా ఇస్తాం? ఇక్కడే మన పేరు మళ్ళీ ముందుకు వస్తుంది. చాలామంది పిల్లలు అందరికంటే ముందు గుర్తుపట్టే రాత తమ పేరే. అమెరికా, ఆస్ట్రేలియా పిల్లల మీద రెబెకా ట్రీమన్, విక్టర్ బ్రోడెరిక్ చేసి 1998లో ప్రకటించిన పరిశోధనలో, పిల్లలకు మిగతా అక్షరాలకంటే తమ పేరులోని మొదటి అక్షరం పేరు బాగా తెలిసి ఉన్నట్లు కనబడింది.

మన పేర్లు చూడండి. 'వనజ' అనే పాప ఉందనుకుందాం. పేరు రాయడం వచ్చిందంటే మూడు అక్షరాలు వచ్చినట్లే. దానికి ఒక సున్న తోడిస్తే వనం, జనం అనే రెండు మాటలు ఆమె చేతిలో పడ్డాయి. 'లక్ష్మి' అనే పాపకు మరో రకం అదృష్టం. క, ష, మ మూడూ కలిసిన కఠినమైన అక్షరం ఆమెకు ఆటబొమ్మలా చిన్నప్పుడే పరిచయం. 'కృష్ణ'కు వట్రసుడి తన సొంత ఆస్తి. ప్రతి పిల్లవాడూ తన పేరులో ఒక చిన్న అక్షరమాలను మోసుకుంటూ బడికి వస్తాడు. మనం దాన్ని పక్కన పెట్టించి, తెలియని 'అ' దగ్గర మొదలుపెట్టిస్తాం.

న్యూజిలాండు టీచరు పెట్టె

సొంత మాటల బలాన్ని గుర్తించినవారిలో న్యూజిలాండుకు చెందిన సిల్వియా ఆష్టన్-వార్నర్ ఒకరు. ఆమె అక్కడి మవోరీ తెగ పిల్లలకు చదువు చెప్పేది. ఇంగ్లండులో వాడే వాచకాలలోని మాటలు ఈ పిల్లల ఇళ్ళలో వినబడేవి కావు. నెలలు గడిచినా తలకెక్కేవి కావు. ఆమె ఒక పని చేసింది. ప్రతి పిల్లవాడినీ దగ్గరికి పిలిచి, "నీకు ఏ మాట కావాలి?" అని అడిగేది. వాడు చెప్పిన మాటను అట్టముక్క మీద పెద్దగా రాసి వాడికే ఇచ్చేది. పిల్లలు ఎక్కువగా అడిగిన మాటల్లో 'దెయ్యం', 'ముద్దు' ఉన్నాయి! ఒకటి భయానిది, ఒకటి ప్రేమది. అలాంటి మాటలు ఒక్కసారి చూస్తే చాలు, పిల్లలు మరచిపోయేవారు కాదు. మరచిపోయిన మాట అట్టముక్కను ఆమె తీసి పారేసేది. అది వాడికి అవసరమైన మాట కాదన్నమాట. తన అనుభవాన్ని ఆమె 1963లో 'టీచర్' అనే పుస్తకంగా ప్రచురించింది.

పేరు మాత్రమే కాదు, పిల్లవాడి మేకపిల్ల, నాయనమ్మ, వాడు పడ్డ గుంట, వాడు భయపడ్డ కుక్క, అన్నీ సొంత మాటలే. వాటితో పుస్తకం చేస్తే అది వాడి కథ అవుతుంది.

ఇది రుజువైన సంగతేనా?

మీరు సైన్సు విద్యార్థులు. ఈ ప్రశ్న వేయవలసిందే. పిల్లవాడి పేరుతో చేసిన పుస్తకం నిజంగా మేలు చేస్తుందా?

నతాలియా కుచిర్కోవా అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి దీన్ని పరీక్షించింది. 2014లో ప్రకటించిన ఒక పరిశోధనలో, బడికి వెళ్ళే వయసు ఇంకా రాని పిల్లలకు ఒక పుస్తకం చదివి వినిపించారు. అందులో కొంత భాగం ఆ పిల్లల సొంత సంగతులతో, కొంత భాగం మామూలుగా ఉంది. రెండు భాగాలలోనూ కొత్త మాటలు పెట్టారు. సొంత సంగతులున్న భాగంలోని కొత్త మాటలే పిల్లలకు ఎక్కువగా వచ్చాయి. అయితే ఇది కొద్దిమంది పిల్లలతో చేసిన చిన్న పరిశోధన. అది మాటలు నేర్చుకోవడాన్ని చూసింది కాని, అక్షరాలు చదవడాన్ని కాదు. ఎంత తేలిందో అంతే నమ్మాలి.

ఆమె మరొక సంగతి కూడా గమనించింది. సొంత పుస్తకాలు చదివేటప్పుడు పిల్లలు ఎక్కువగా తమ గురించే మాట్లాడారు. ఇది మంచిదే, కాని ఎప్పుడూ అద్దంలోనే చూసుకునేవాడికి కిటికీ అవతల లోకం కనబడదు. కాబట్టి మొదటి పుస్తకం పిల్లవాడిది, రెండోది వాడి స్నేహితుడిది, మూడోది ఎన్నడూ చూడని ఏనుగుది కావాలి. సొంత పేరు గుమ్మం. గుమ్మంలోనే కూర్చుంటే ఇల్లెలా చూస్తాం?

ఇంకో మాట. పేరు అక్షరాలకు బదులు కాదు. గుణింతాలు, వత్తులు నేర్పవలసిందే, నేర్చుకోవలసిందే. సొంత పుస్తకం ఆ కష్టాన్ని తీసివేయదు. ఆ కష్టం పడటానికి ఒక కారణం ఇస్తుంది.

మీరే చేయండి

ఈ రోజుల్లో పిల్లల పేరు చేర్చి అచ్చువేసి ఇచ్చే పుస్తకాలు కొనుక్కోవచ్చు. చాలావాటిలో కథ ఒకటే, పేరు మాత్రం మారుతుంది. మీరు చేసే పుస్తకంలో పేరుతో పాటు ఊరూ, ఇల్లూ, మేకా కూడా పిల్లవాడివే అవుతాయి.

ఒక పెద్ద తెల్లకాగితాన్ని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడవండి. మడత మీద సూదితో రెండు కుట్లు వేయండి. పైన అతుక్కుని ఉన్న అంచును కత్తిరించండి. ఎనిమిది పేజీల పుస్తకం తయారు.

ఇప్పుడు పాపను అడగండి: "నీ కథ చెప్పు. ఎవరున్నారు? ఏం జరిగింది? చివరకు ఏమైంది?" పాప చెప్పినట్లే రాయండి. ఇంట్లో ఎలా పలుకుతారో ఆ మాటే ఉండాలి. పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలు చాలు. అక్షరాలు బొటనవేలి గోరంత ఉండాలి. మొదటి పుస్తకంలో, పేరులో తప్ప, వత్తులు లేకుండా చూడండి. ఒకే మాట రెండు మూడుసార్లు రావాలి. బొమ్మలు పాప చేతనే వేయించండి. మన వనజ పుస్తకం ఇలా ఉండవచ్చు:

అట్ట: వనజ మేక
1. ఇది వనజ.
2. ఇది వనజ మేక.
3. మేక పేరు రాణి.
4. రాణి ఏది?
5. గడప దాటింది. వీధి దాటింది.
6. "రాణీ! రా!" అని వనజ పిలిచింది.
7. రాణి వనజ ఒడి చేరింది.

ఒక్క వత్తయినా ఉందేమో వెతకండి. లేదు కదా! అయినా ఇందులో కథ ఉంది, చిన్న భయం ఉంది, చివరకు సంతోషం ఉంది.

చదివించేటప్పుడు మూడు నియమాలు పాటించండి. మాట కింద వేలు పెట్టించండి. పాప ఆగిపోతే వెంటనే అందించకండి, మనసులో అయిదు లెక్కపెట్టండి. తప్పు చదివితే నవ్వకండి, మరొకర్ని నవ్వనివ్వకండి.

రెండు మూడు రోజులకు పాప గడగడా చదివేస్తుంది. అప్పుడే అసలు పరీక్ష. అది చదవడమా, అప్పజెప్పడమా? బొమ్మ మీద చేయి పెట్టి, 'వీధి' అన్న ఒక్క మాటే చూపించి అడగండి. ఆ మాటను వేరే కాగితం మీద రాసి అడగండి. అక్కడా చదివితే ఆ మాట ఆమెకు వచ్చినట్లే. లేకపోతే ఆ మాట మీద ఇంకా కొంత పనుందన్నమాట.

సైన్సు ప్రాజెక్టుగా చేయదలచుకున్నవారికి ఒక పద్ధతి చెబుతాను. దాదాపు ఒకే స్థాయిలో చదివే ఇద్దరు పిల్లలను తీసుకోండి. ఇద్దరికీ రాని పది మాటలు ఎంచి, అయిదయిదు చేసి, రెండు కథలు రాయండి. మొదటి కథలో మొదటి పాప పేరు, రెండో కథలో రెండో పాప పేరు పెట్టండి. ఇద్దరి చేతా రెండు పుస్తకాలూ సమానంగా చదివించండి. వారం తరువాత పది మాటలూ అడగండి. తమ పేరున్న పుస్తకంలోని మాటలు ఎన్ని వచ్చాయి, రెండో పుస్తకంలోవి ఎన్ని వచ్చాయి? ఒక కథ మరోదానికంటే తేలికైనా, ఇద్దరూ రెండూ చదివారు కనుక ఆ తేడా చాలావరకు సరిపోతుంది. ఎన్ని జంటలతో చేస్తే అంత నమ్మకమైన ఫలితం వస్తుంది. ఏమీ తేడా రాకపోతే అదీ ఫలితమే. దాచకుండా రాయండి.

చివరగా ఆ కుర్రవాడి సంగతి

వేసవి సెలవుల ముందు మా సైన్సు క్లబ్బు పిల్లలం పక్కనున్న ప్రాథమిక పాఠశాల కోసం ఇలాంటి పుస్తకాలు చేశాం. ఆ కుర్రవాణ్ణి కూడా పిలిచాను. వాడి చెల్లెలు అప్పుడు రెండో తరగతి. "మీ చెల్లి కథ ఏదైనా చెప్పు" అంటే, వాళ్ళ దూడ కాలవలో పడిన సంగతీ, చెల్లి ఏడ్చిన సంగతీ చెప్పాడు. వాడు చెప్పినట్లే నేను బోర్డు మీద రాశాను. వాడు అలవాటు ప్రకారం ముత్యాలకోవలా దించుకున్నాడు. కాని ఈసారి ఒక చిక్కు వచ్చి పడింది. ఇంటికి వెళ్ళి దాన్ని చెల్లెలికి చదివి వినిపించాలి! ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక వాడూ నేనూ కూర్చుని ఆ ఎనిమిది పేజీలు మాట మాటగా చదివాం. కథ వాడిదే కాబట్టి తరువాత ఏ మాట రావాలో వాడికి తెలుసు. తెలిసిన ఆ మాటను పట్టుకుని తెలియని అక్షరాన్ని పట్టుకున్నాడు.

మర్నాడు స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఇంకో కాగితం కావాలి" అన్నాడు. "ఎందుకురా?" అన్నాను. "రెండో పుస్తకంలో నా పేరు కూడా ఉండాలంట సార్. లేకపోతే చదవదంట" అన్నాడు.

తరువాత వాడు ఫస్టున పాసయ్యాడని చెప్పను. అలా జరగలేదు. రెండేళ్ళపాటు సాయంత్రాలు గుణింతాలతో, వత్తులతో కుస్తీ పట్టాడు. పదో తరగతిలో కూడా నెమ్మదిగానే చదివేవాడు. కాని వాడి వంతు వచ్చినప్పుడు పుస్తకం తెచ్చేవాడు, లేచి నిలబడేవాడు, పేరా పూర్తయ్యేదాకా కూర్చునేవాడు కాదు. ఒక్కడి కథ రుజువు కాదని పైన నేనే చెప్పాను. అందుకే మిమ్మల్ని కూడా చేసి చూడమంటున్నాను.

ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న చిన్నవాళ్ళను పిలిచి, "నీ కథ చెప్పు" అనండి. అట్ట మీద ముందు వాళ్ళ పేరు రాయండి. రాసినవారిగా మీ పేరు కింద చిన్నగా రాసుకోవచ్చు.